క్లే షూటింగ్ కార్ట్రిడ్జ్: పెట్టె మీది అంకెల్లో ఏది ముఖ్యం?

గాల్లోకి విసిరే చిన్న పళ్ళేన్ని (క్లేని) షాట్‌గన్‌తో పగలగొట్టే ఆట క్లే షూటింగ్. అందులోకి కొత్తగా వచ్చినవాళ్ళు తుపాకీ ఎంచుకోవడానికి నెలల తరబడి ఆలోచిస్తారు. ఎవరెవరినో అడుగుతారు, పది తుపాకులు భుజానికి ఆనించి చూస్తారు. కార్ట్రిడ్జ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కన నిలబడ్డ మనిషి ఏది వాడుతుంటే అదే కొనేస్తారు. లేదంటే పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్న వేగం చూసి మోజు పడతారు.

ఆ వేగం అంకె చివరగా చూడాల్సిందని నా గట్టి నమ్మకం. క్లే ఎంత దూరంలో పగులుతుంది, ఆ క్షణంలో దాని ఏ వైపు మనకు కనిపిస్తుంది అన్నవి ముందు తేల్చుకోవాలి. అవి తెలిస్తే పెల్లెట్ (కార్ట్రిడ్జ్‌లోని చిన్న గుండు) సైజు, లోడ్ (అందులోని మొత్తం పెల్లెట్ల) బరువు, చోక్ (పెల్లెట్ల గుంపుని దగ్గరగా ఉంచే బ్యారెల్ నోటి బిగువు) ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి. వేగం దగ్గర మొదలుపెడితే మిగతావన్నీ గందరగోళంగానే మిగులుతాయి.

కార్ట్రిడ్జ్ లోపల ఏముందో ముందు చూద్దాం. బయటికి ప్లాస్టిక్ గొట్టంలా కనిపించేది కేస్. దాని అడుగున ఉన్న లోహపు తల మధ్యలో ప్రైమర్ ఉంటుంది. ప్రైమర్ పైన పౌడర్, పౌడర్ పైన వ్యాడ్ అనే అడ్డు, వ్యాడ్ పైన పెల్లెట్లు. ట్రిగ్గర్ నొక్కితే ప్రైమర్ నిప్పు పౌడర్‌కి అంటుకుంటుంది. పౌడర్ మండి పుట్టే గ్యాస్ వ్యాడ్‌ని నెడుతుంది, వ్యాడ్ పెల్లెట్లన్నిటినీ కలిపి బ్యారెల్ గుండా తోస్తుంది. ఐరోపా ప్రమాణాల సంస్థ సి.ఐ.పి. సాధారణ 12 గేజ్ (గేజ్ అంటే బ్యారెల్ లావు కొలత, అంకె పెరిగేకొద్దీ బ్యారెల్ సన్నం) కార్ట్రిడ్జ్‌కి పెట్టిన పీడనం హద్దు 740 బార్. అంత ఒత్తిడితో ఒక్కసారిగా ముందుకు తోసినప్పుడు అడుగు వరసల్లో ఉన్న సీసపు పెల్లెట్లు పై వరసల బరువుకి నలుగుతాయి. నలిగి గుండ్రదనం పోయిన పెల్లెట్ తిన్నగా పోదు, పక్కకు జారిపోతుంది. మంచి కార్ట్రిడ్జ్‌కీ చవకరకానికీ మధ్య తేడా చాలావరకు ఇక్కడే పుడుతుంది.

లోహపు తల ఎత్తుగా ఉంటే కార్ట్రిడ్జ్ బలమైనదనే నమ్మకం ఇంకా ఉంది. ఇప్పటి ప్లాస్టిక్ కేసుల విషయంలో ఆ ఎత్తు చూసి దేన్నీ తేల్చలేం.

తుపాకీకి సరిపోకపోతే మిగతా చర్చే వద్దు

ఎంపిక కన్నా ముందు భద్రత. 12 గేజ్ తుపాకీకి 12 గేజ్ కార్ట్రిడ్జే. ఇది అందరికీ తెలుసనుకుంటాం కానీ ప్రమాదాలు జరిగేది సరిగ్గా ఇక్కడే. 20 గేజ్ కార్ట్రిడ్జ్ పొరపాటున 12 గేజ్ చాంబర్‌లో (బ్యారెల్‌లో కార్ట్రిడ్జ్ పెట్టే చోటు) పడితే అది కింద పడిపోదు, ముందుకు జారి బ్యారెల్ మొదట్లో ఇరుక్కుంటుంది. చాంబర్ ఖాళీగా ఉందనుకుని వెనకాల 12 గేజ్ కార్ట్రిడ్జ్ పెట్టి కాలిస్తే బ్యారెల్ చీలిపోతుంది, చేతివేళ్ళు పోతాయి. 20 గేజ్ కేసులు పసుపు రంగులో రావడం వెనక కారణం ఇదే. అయితే ప్రతి తయారీదారూ ఆ రంగు పాటిస్తారని నమ్మకం పెట్టుకోకూడదు. రెండు గేజ్‌ల కార్ట్రిడ్జ్‌లు ఒకే జేబులో, ఒకే సంచిలో ఎప్పుడూ ఉండకూడదు. ఇంట్లో ఇద్దరు వేర్వేరు గేజ్‌లు వాడుతుంటే సంచులు కూడా వేరుగా ఉండాలి.

రెండోది పొడవు. చాంబర్లు మామూలుగా 65, 70, 76 మిల్లీమీటర్ల పొడవుల్లో ఉంటాయి. పెట్టె మీద రాసే కార్ట్రిడ్జ్ పొడవు కాల్చిన తర్వాత నోరు విచ్చుకున్న కేస్ పొడవు. కాల్చకముందు మడత ఉంటుంది కాబట్టి 70 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జ్ 65 మిల్లీమీటర్ల చాంబర్‌లో ఇబ్బంది లేకుండా దూరిపోతుంది. కాల్చినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలదు, పీడనం పెరిగిపోతుంది. లోపల పట్టింది కదా అని కాల్చడం తప్పు. బ్యారెల్ మీద చెక్కిన అంకె చదవాలి, పాత తుపాకీ అయితే తుపాకుల మెకానిక్‌కి ఒకసారి చూపించాలి.

పెల్లెట్ సైజు: నంబర్ వదిలి మిల్లీమీటర్లు చూడండి

పెల్లెట్ నంబర్ పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నదవుతుంది. ఇంతవరకు ఎవరూ తికమకపడరు. చిక్కు ఏమిటంటే ఒకే నంబర్ ఒక్కో దేశంలో ఒక్కో సైజు. అమెరికా కొలతలో 7½ అంటే 2.4 మిల్లీమీటర్లు. ఇంగ్లండ్ కొలతలో 7½ అంటే 2.3 మిల్లీమీటర్లు, అది అమెరికా 8కి సమానం. ఇంగ్లండ్ 8 ఇంకా చిన్నది, 2.2. ఒకరు 7½ బాగుందని, మరొకరు 8 బాగుందని వాదించుకుంటుంటే, ఇద్దరూ వాడేది ఒకే పెల్లెట్ కావచ్చు. అందుకే నంబర్ పక్కన ఉండే మిల్లీమీటర్ల అంకె చూడటం అలవాటు చేసుకోవాలి.

ఒక్క మిల్లీమీటర్‌లో పదో వంతు తేడాకి ఇంత పట్టింపు ఎందుకని అనిపించవచ్చు. గోళం బరువు దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 2.4 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ సుమారు 80 మిల్లీగ్రాములు తూగుతుంది, 2.0 మిల్లీమీటర్లది 46 మిల్లీగ్రాములే. 28 గ్రాముల లోడ్‌లో పెద్దవి 350 దాకా పడితే చిన్నవి 600కి దగ్గరగా పడతాయి. సంఖ్యలో చిన్న పెల్లెట్‌దే పైచేయి అని కనిపిస్తుంది. కానీ చిన్న పెల్లెట్ గాల్లో త్వరగా నీరసిస్తుంది. 35 మీటర్లు దాటేసరికి 2.0 మిల్లీమీటర్ల పెల్లెట్‌లో మిగిలే శక్తి 2.4 మిల్లీమీటర్ల దానిలో సగం కూడా ఉండదు. అదే చిన్న పెల్లెట్ 20 మీటర్లలో తగిలితే, పెద్ద పెల్లెట్ 35 మీటర్ల దగ్గర కొట్టినంత గట్టిగానే దాదాపు కొడుతుంది.

ఏ ఆటకి ఏ సైజో ఈ లెక్కే చెబుతుంది. రెండు వైపుల నుంచి క్లేలు అడ్డంగా ఎగిరే స్కీట్‌లో షూటర్లు నిలబడే స్టేషన్లు ఒకటి తప్ప అన్నీ 19.2 మీటర్ల వ్యాసార్థం ఉన్న వలయం మీద ఉంటాయి, క్లేలు మామూలుగా 20 మీటర్లలోపే పగులుతాయి. అక్కడ 2.0 మిల్లీమీటర్ల 9 నంబర్ పెల్లెట్ ఎంచుకోవడం తెలివైన పని. గాల్లో పెల్లెట్లు దట్టంగా ఉంటాయి, శక్తికి లోటుండదు. ఒలింపిక్ ట్రాప్ పూర్తిగా వేరే ఆట. షూటర్ క్లేలు విసిరే కందకానికి 15 మీటర్ల వెనక నిలబడతారు, క్లే ఆయనకి దూరంగా పరిగెడుతుంది, పెల్లెట్లు తగిలేసరికి అది 30 మీటర్లు దాటిపోతుంది. రెండో షాట్‌కి 40 మీటర్లు కూడా కావచ్చు. అక్కడికి 9 నంబర్ తీసుకెళ్తే క్లేకి చిల్లు పడి, పగలకుండా అలాగే పోవచ్చు. అక్కడ 2.4 కావాలి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐ.ఎస్.ఎస్.ఎఫ్. ఒప్పుకునే గరిష్ఠ వ్యాసం 2.6 మిల్లీమీటర్లు.

స్పోర్టింగ్ అనే మరో రకం ఆటలో దగ్గరవీ దూరంవీ కలిసి వస్తాయి. ప్రతి స్టేషన్‌కీ కార్ట్రిడ్జ్ మార్చేవాళ్ళున్నారు. అలా మార్చేటప్పుడు తల క్లే మీద కన్నా సంచి మీద ఎక్కువగా ఉంటుంది. 2.3 లేదా 2.4 మిల్లీమీటర్లది ఒకటే పట్టుకుని రోజంతా ఆడటం మేలని నా సలహా. దగ్గర క్లేకి అది కాస్త ఎక్కువే, నష్టం మాత్రం లేదు. దూరం క్లేకి చిన్న పెల్లెట్ చాలకపోవడం అసలైన నష్టం.

క్లే అంచు మీద ఒక చిన్న లెక్క

మామూలు క్లే సున్నపురాయి పొడి, పిచ్ కలిపి చేసిన పళ్ళెం. వ్యాసం 110 మిల్లీమీటర్లు, ఎత్తు 25 మిల్లీమీటర్లకు కొంచెం పైన, బరువు 105 గ్రాములు. అది మనకు పొట్ట చూపిస్తే పెల్లెట్లకి దొరికే లక్ష్యం సుమారు 95 చదరపు సెంటీమీటర్లు. అంచు మాత్రమే చూపిస్తూ దూరంగా పోతుంటే 25 చదరపు సెంటీమీటర్లు ఉంటే గొప్ప. నాలుగో వంతు.

షాట్‌గన్ పాటర్న్‌ని, అంటే పెల్లెట్లు పరుచుకునే తీరుని, కొలిచే సంప్రదాయ పద్ధతి 40 గజాల దూరంలో, అంటే 36.6 మీటర్లలో, 76 సెంటీమీటర్ల వ్యాసమున్న వలయంలో ఎన్ని పెల్లెట్లు పడ్డాయో లెక్కపెట్టడం. సగం చోక్ ఉన్న బ్యారెల్ సుమారు 60 శాతం పెల్లెట్లని ఆ వలయంలో పెడుతుంది, ఫుల్ చోక్ 70 శాతం. ఇప్పుడు 28 గ్రాముల 2.4 మిల్లీమీటర్ల లోడ్ తీసుకుందాం. 350లో 60 శాతం అంటే 210 పెల్లెట్లు. వలయం వైశాల్యం 4,500 చదరపు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. పెల్లెట్లు ఎలా పడితే అలా చెల్లాచెదురుగా పడ్డాయనుకుంటే, పొట్ట చూపిస్తున్న క్లేకి సగటున నాలుగు పైచిలుకు తగులుతాయి. అంచు చూపిస్తున్న క్లేకి సగటున ఒకటి, అంతే. సగటు ఒకటి అంటే ప్రతిసారీ ఒకటి తగులుతుందని కాదు. ఒకసారి మూడు, ఒకసారి రెండు, దాదాపు మూడోసారికొకసారి సున్నా. గురి సరిగ్గా ఉన్నా సరే.

ఈ లెక్క కాస్త మోటుది. నిజానికి పాటర్న్ మధ్యలో దట్టంగా, అంచుల్లో పలచగా ఉంటుంది కాబట్టి నడిమధ్య చిక్కిన క్లే పరిస్థితి ఇంతకన్నా మెరుగు. అయినా లెక్క చెప్పే సంగతి నిజం. ఒక రైతు విత్తనాలు చేత్తో చల్లినప్పుడు మడిలో అక్కడక్కడ ఖాళీలు మిగిలినట్టే, ప్రతి పాటర్న్‌లోనూ క్లే అంచు దూరిపోగల సందులుంటాయి. పెల్లెట్ తగిలినంత మాత్రాన పాయింట్ రాదని కూడా గుర్తుంచుకోవాలి. ఐ.ఎస్.ఎస్.ఎఫ్. నిబంధన ప్రకారం క్లే నుంచి కంటికి కనిపించే ముక్క ఒక్కటైనా విడిపోవాలి, పొడి రాలితే చాలదు.

ఇప్పుడు అదే లెక్కలో చోక్ మార్చి చూడండి. 24 గ్రాముల లోడ్‌లో అదే సైజు పెల్లెట్లు 300. ఫుల్ చోక్‌తో అందులో 70 శాతం వలయంలో పడితే వచ్చేది మళ్ళీ 210. అంటే 28 గ్రాముల లోడ్ సగం చోక్‌తో ఇచ్చిన ఫలితాన్ని 24 గ్రాములు ఫుల్ చోక్‌తో ఇచ్చేశాయి. పైగా భుజానికి దెబ్బ తగ్గింది. లోడ్ బరువు, చోక్ వేర్వేరు నిర్ణయాలు కావని నేను అనేది ఇందుకే. తన చోక్ ఏమిటో చెప్పకుండా ఈ కార్ట్రిడ్జ్ బాగుంది, ఆ కార్ట్రిడ్జ్ బాగోలేదని ఎవరైనా చెబితే ఆ మాటలో సగం సమాచారమే ఉంది.

చోక్ బిగించడానికీ ఒక ధర ఉంది. వలయం బిగుతైతే గురిలో చిన్న తప్పుకి కూడా క్షమాపణ ఉండదు. దగ్గర క్లేల మీద ఫుల్ చోక్ వాడితే తగిలినప్పుడు క్లే పొగలా పోతుంది, చూడ్డానికి బాగుంటుంది. తప్పినప్పుడు మాత్రం కొద్దిలోనే తప్పుతుంది, ఆ కొద్ది తప్పులన్నీ స్కోరులో కనిపిస్తాయి.

బరువు, భుజం

ఒలింపిక్ ఆటల్లో లోడ్ ఒకప్పుడు 32 గ్రాములు. తర్వాత 28 అయింది, ఇప్పుడు 24. కొలతల్లో వెసులుబాటు కలుపుకుని 24.5 గ్రాములు దాటకూడదు. అంతర్జాతీయ స్పోర్టింగ్‌ని నడిపే ఫిటాస్క్ 28 గ్రాముల దాకా ఒప్పుకుంటుంది. అమెరికన్ ట్రాప్‌లో ఇప్పటికీ 1⅛ ఔన్సు, అంటే సుమారు 32 గ్రాముల వరకు చెల్లుతుంది. పోటీకి వెళ్ళేవాళ్ళు ముందుగా తమ ఆట నిబంధన చదవాలి, కార్ట్రిడ్జ్ తీసి తూచే హక్కు నిర్వాహకులకి ఉంటుంది.

లోడ్ తగ్గినప్పుడల్లా ఇక స్కోర్లు పడిపోతాయని భయపడేవాళ్ళు ఉంటారు. లోడ్ 32 నుంచి 24కి దిగినా ఒలింపిక్ ట్రాప్‌లో 125కి 125 కొట్టినవాళ్ళు ఉన్నారు. దాన్ని బట్టే లోడ్ బరువుకి మనం ఎంత ఎక్కువ విలువ ఇస్తున్నామో తెలుస్తుంది.

భుజం సంగతి లెక్కతో చెప్పుకోవచ్చు. తుపాకీ వెనక్కి తన్నే శక్తి, బయటికి వెళ్ళే వస్తువుల ద్రవ్యవేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. అందుకే లోడ్‌లో చిన్న తేడా తన్నుడులో పెద్ద తేడాగా తేలుతుంది. మూడున్నర కిలోల తుపాకీతో, ఒకే వేగంతో కాల్చితే 28 గ్రాముల కార్ట్రిడ్జ్ తన్నుడు శక్తి 28 జౌళ్ళ దగ్గర ఉంటుంది. 24 గ్రాములదైతే 21కి దిగుతుంది. దాదాపు నాలుగో వంతు తగ్గింది. 21 గ్రాముల లోడ్‌తో ఇంకా కిందికి, 17 దగ్గరికి.

పది షాట్లలో ఈ తేడా ఎవరికీ తెలియదు. క్వాలిఫికేషన్ రౌండ్లో క్లేలు 125, ట్రాప్‌లో ఒక్కో క్లేకి రెండు షాట్లు కాల్చే వీలుంది. చివరి క్లేలకి వచ్చేసరికి శరీరం తన్నుడు కోసం ముందే కాచుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కన్ను మూసుకుపోతుంది, చెంప స్టాక్ (తుపాకీని భుజానికి ఆనించే భాగం) నుంచి కాస్త లేస్తుంది, తుపాకీ కదలిక ఆగిపోతుంది. షూటర్‌కి అది తెలియను కూడా తెలియదు. క్లే తప్పింది, క్లేకి ముందుగా గురి పెట్టిన దూరం చాలలేదు అనుకుంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి, తేలికపాటి శరీరం ఉన్నవాళ్ళకి, పిల్లలకి మొదట్లోనే 28 గ్రాముల వేగవంతమైన కార్ట్రిడ్జ్ ఇవ్వడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. తుపాకీ అంటే భయం ఒకసారి మనసులో పడితే తీయడానికి ఏళ్ళు పడుతుంది. వాళ్ళకి 21 లేదా 24 గ్రాములు, నెమ్మదైన వేగం, దగ్గర క్లేలు ఇవ్వాలి. దగ్గర దూరాల్లో 21 గ్రాముల లోడ్ క్లేని హాయిగా పగలగొడుతుంది.

ఒక చిన్న మెలిక: సెమీ ఆటోమేటిక్ తుపాకీలో మరీ తేలిక లోడ్‌కి యాక్షన్ (ఖాళీ కేస్‌ని బయటికి తోసే యంత్రాంగం) పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, ఖాళీ కేస్ ఇరుక్కోవచ్చు. అలాంటి తుపాకీ ఉన్నవాళ్ళు ఒక పెట్టె కాల్చి చూసి తర్వాత ఎక్కువ కొనాలి.

వేగం మోజు

ఇక పెట్టె మీది పెద్ద అక్షరాల సంగతి. సెకనుకు 1450 అడుగులు అని ఒక పెట్టె మీద, 1300 అని ఇంకో పెట్టె మీద ఉంటే ఏది కొంటారు? ముందు తెలుసుకోవాల్సింది ఏమిటంటే ఆ రెండు అంకెల్నీ ఒకే చోట కొలిచి ఉండకపోవచ్చు. ఐరోపా పద్ధతిలో వేగాన్ని బ్యారెల్ నోటికి 2.5 మీటర్ల అవతల కొలుస్తారు. అమెరికాలో మూడడుగుల దగ్గర. కొందరు బ్యారెల్ నోటి దగ్గరి వేగాన్ని లెక్కగట్టి అచ్చు వేస్తారు. పెల్లెట్ల వేగం మొదటి మీటర్లలోనే గబగబా పడిపోతుంది కాబట్టి, ఎక్కడ కొలిచారో తెలియకుండా రెండు కంపెనీల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

సరే, రెండూ ఒకే చోట కొలిచారనుకుందాం. ఒకటి సెకనుకు 365 మీటర్లు, ఇంకోటి 410 మీటర్లు. బయల్దేరినప్పుడు 45 మీటర్ల తేడా. వేగంగా పోయే వస్తువుని గాలి ఇంకా గట్టిగా అడ్డుకుంటుంది. అందువల్ల 35 మీటర్ల దూరం చేరేసరికి ఆ తేడాలో మూడో వంతో ఇంకా తక్కువో మిగులుతుంది. అక్కడికి చేరే సమయంలో తేడా సెకనులో వందో వంతు. అడ్డంగా సెకనుకు 20 మీటర్లు పోతున్న క్లే అంత సమయంలో 20 సెంటీమీటర్లు జరుగుతుంది. ఆ క్లే కోసం ముందు పెట్టాల్సిన దూరమే రెండున్నర మీటర్లు! రెండున్నర మీటర్లని ఇరవై సెంటీమీటర్ల తేడాతో పట్టగల షూటర్‌కి వేగం ఏదైనా ఒకటే, పాటర్న్ వెడల్పులో అది కలిసిపోతుంది. పట్టలేని షూటర్‌ని ఆ 20 సెంటీమీటర్లు కాపాడవు.

బదులుగా చెల్లించేది తక్కువేం కాదు. వేగం పెంచితే తన్నుడు పెరుగుతుంది, మెత్తని సీసం ఇంకా ఎక్కువగా నలుగుతుంది, పాటర్న్ అంచులు చెదురుతాయి. గట్టి పెల్లెట్లు ఉన్న మంచి కార్ట్రిడ్జ్ ఆ వేగాన్ని తట్టుకుంటుంది. చవక కార్ట్రిడ్జ్‌కి వేగం అంటగట్టడం అంటే ఉన్న లోపాన్ని పెంచుకోవడమే. ఆట మొత్తం మీద నిలకడగా ఒకే వేగం ఇచ్చే కార్ట్రిడ్జ్ కావాలి. ఒక షాట్ వేగంగా, మరొకటి మందంగా వెళ్ళే పెట్టె ఎంత వేగవంతమైనదైనా పనికిరాదు. చలి ఎక్కువైనప్పుడు పౌడర్ కాస్త నెమ్మదిగా మండుతుంది, అప్పుడు ఈ నిలకడ తేడాలు ఇంకా బయటపడతాయి.

సీసం గట్టిదనం, వ్యాడ్

స్వచ్ఛమైన సీసం చాలా మెత్తన. గట్టిపరచడానికి యాంటిమనీ కలుపుతారు. ప్రాక్టీసు కార్ట్రిడ్జ్‌ల్లో అది ఒకటి రెండు శాతం ఉంటే, పోటీ కార్ట్రిడ్జ్‌ల్లో నాలుగైదు శాతం దాకా పోతుంది. డబ్బు ఎక్కడ పెట్టాలని నన్నడిగితే ఇక్కడ పెట్టమంటాను. ట్రాప్ ఆడేవాళ్ళకి మరీ ముఖ్యం, ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ నలగని పెల్లెట్ విలువ పెరుగుతుంది. స్కీట్‌కి అంత అవసరం లేదు. నలిగిన పెల్లెట్లు పక్కకు జరిగి పాటర్న్ విప్పారినా 20 మీటర్లలో అది మేలే చేయొచ్చు.

వ్యాడ్ విషయంలో చాలాసార్లు మన ఇష్టంతో పని ఉండదు, మైదానం నిబంధనే చెబుతుంది. ప్లాస్టిక్ వ్యాడ్‌కి కప్పు ఉంటుంది, పెల్లెట్లు బ్యారెల్ గోడకి రాసుకోకుండా అది కాపాడుతుంది, పాటర్న్ బిగువుగా వస్తుంది. ఫైబర్ వ్యాడ్‌కి కప్పు లేదు, పాటర్న్ మామూలుగా కాస్త విప్పారుతుంది. కానీ ప్లాస్టిక్ వ్యాడ్ నేల మీద పడి ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, పశువులు మేసే చోట అది పెద్ద బెడద. ఫైబర్ మాత్రమే అనే బోర్డు ఉన్న మైదానంలో మొరాయించకండి. ఫైబర్‌తో కాల్చేటప్పుడు చోక్ ఒక మెట్టు బిగిస్తే తేడా చాలావరకు సర్దుకుంటుంది. నేలలో, నీటిలో కరిగే వ్యాడ్‌లు కూడా వచ్చాయి, వాటి దారి మంచి దారి.

సీసం పోయి స్టీల్ వస్తే

సీసం విషం. నేలలో, నీళ్ళలో చేరిన పెల్లెట్లు పక్షుల కడుపులోకి వెళ్తాయి. అందుకే చాలా దేశాలు దాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తున్నాయి. ఐరోపా సమాఖ్యలో 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో, వాటికి 100 మీటర్ల లోపల సీసపు పెల్లెట్లతో కాల్చడం నిషిద్ధం. క్లే ఆడేవాళ్ళకి స్టీల్ ఇవాళో రేపో తప్పదు, ఇప్పుడే అర్థం చేసుకోవడం మంచిది.

సీసం కన్నా స్టీల్ తేలిక. సీసం సాంద్రత 11 పైన, స్టీల్‌ది 7.8. అదే సైజు స్టీల్ పెల్లెట్ బరువు మూడో వంతు తక్కువ, త్వరగా వేగం కోల్పోతుంది. అందుకని సైజు పెంచుకోవాలి. తేలిక కాబట్టి సైజు పెంచినా లోడ్‌లో పెల్లెట్ల సంఖ్య తగ్గదు: 24 గ్రాముల్లో 2.5 మిల్లీమీటర్ల స్టీల్ పెల్లెట్లు 370 దాకా పడతాయి. పైగా స్టీల్ నలగదు, పాటర్న్ బిగువుగా వస్తుంది. మామూలు చోక్ కన్నా ఒక మెట్టు వదులుగా పెట్టుకోవచ్చు. మామూలు క్లే దూరాల్లో స్టీల్ చక్కగా పనిచేస్తుంది. సీసానికి అలవాటు పడినవాళ్ళ అనుమానంలో చాలా భాగం అలవాటే.

జాగ్రత్తలు మాత్రం నిజమైనవి. స్టీల్ పెల్లెట్ బ్యారెల్‌ని గీరుతుంది కాబట్టి మందపాటి కప్పు ఉన్న వ్యాడ్ తప్పనిసరి. పల్చటి గోడల పాత బ్యారెళ్ళకి, మరీ బిగువైన చోక్‌లకి అది సరిపడదు, బ్యారెల్ నోటి దగ్గర ఉబ్బవచ్చు. అధిక పీడనపు స్టీల్ కార్ట్రిడ్జ్‌లకి పరీక్షించిన ఐరోపా తుపాకుల మీద లిల్లీ పువ్వు గుర్తు ఉంటుంది. అది లేని తుపాకీలో ఆ రకం కార్ట్రిడ్జ్‌లు వాడకూడదు. ఇంకొకటి, గట్టి ఉపరితలానికి తగిలిన స్టీల్ పెల్లెట్ వెనక్కి ఎగిరొస్తుంది. కళ్ళద్దాలు సీసంతో కూడా పెట్టుకోవాలి, స్టీల్‌తో అయితే అవి లేకుండా మైదానంలో అడుగే పెట్టకూడదు.

కాగితం మీద చూసుకోండి

ఇన్ని అంకెలు చదివిన తర్వాత కూడా ఒక కార్ట్రిడ్జ్ మీ బ్యారెల్‌లో ఎలా పనిచేస్తుందో పెట్టె చెప్పలేదు. అదే కార్ట్రిడ్జ్ రెండు తుపాకుల్లో రెండు రకాల పాటర్న్ ఇస్తుంది. మీటరుకి మించిన వెడల్పు ఉన్న కాగితాలు నిలబెట్టి, మీరు సాధారణంగా క్లే పగలగొట్టే దూరం నుంచి కాల్చి చూడాలి. స్కీట్ ఆడేవాళ్ళు 40 గజాల నుంచి కాల్చి ప్రయోజనం లేదు, 20 మీటర్ల నుంచి కాల్చాలి. ప్రతి షాట్‌కీ కొత్త కాగితం. పెల్లెట్లు దట్టంగా పడ్డ చోటు చుట్టూ 76 సెంటీమీటర్ల వలయం గీసి లెక్కపెట్టండి. ఆ తర్వాత క్లే అంచంత సైజులో, 11 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు అట్టముక్క కత్తిరించి కాగితం మీద అటూ ఇటూ జరపండి. అది ఏ పెల్లెట్ చిల్లునీ తాకకుండా ఎన్ని చోట్ల కూర్చుంటుందో చూడండి. శాతాల కన్నా ఈ అట్టముక్క ఎక్కువ సంగతులు చెబుతుంది.

ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పకూడదు. ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ తేడా ఉంటుంది, ఒక్కో కార్ట్రిడ్జ్‌కి కనీసం ఐదు కాగితాలైనా కావాలి. రెండు రకాల మధ్య తేడా ఐదు కాగితాల్లో కూడా కనిపించకపోతే ఆ తేడా క్లే మీద కూడా కనిపించదు, చవకైనది తీసుకోండి. పెల్లెట్ల గుంపు మధ్య భాగం గురి పెట్టిన చోటుకి పక్కగా పడుతుంటే అది కార్ట్రిడ్జ్ లోపం కాదు, తుపాకీ మీ శరీరానికి అమరలేదని అర్థం. అప్పుడు కార్ట్రిడ్జ్ మార్చడం ఆపి స్టాక్ సరిచేయించుకోవాలి.

నచ్చిన కార్ట్రిడ్జ్ దొరికాక సీజన్‌కి సరిపడా ఒకే లాట్ నంబర్‌లో కొనుక్కోవడం మంచి అలవాటు. ప్రాక్టీసుకి చవకది, పోటీకి ఖరీదైనది వాడాలనుకుంటే రెండింటిదీ ఒకే బరువు, ఒకే సైజు, దాదాపు ఒకే వేగం ఉండేలా చూసుకోండి. పోటీ రోజున భుజానికి కొత్త దెబ్బ, చెవికి కొత్త శబ్దం పరిచయం చేయకూడదు. వాటిని పొడి చోట, ఎండ తగలకుండా, తాళం వేసి దాచండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో రోజుల తరబడి వదిలేసిన పెట్టెని ముఖ్యమైన రౌండ్‌కి వాడకుండా ప్రాక్టీసుకి పక్కన పెట్టండి. కాల్చినప్పుడు శబ్దం వింతగా, బలహీనంగా వినిపిస్తే వెంటనే ఆపి, తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్ లోపలికి చూసి వ్యాడ్ ఇరుక్కోలేదని నిర్ధారించుకున్నాకే తర్వాతి కార్ట్రిడ్జ్ పెట్టాలి.